మీట నొక్కితే ఏం కదులుతుంది?

పిల్లలూ,

మీ ఇంట్లో అమ్మో, నాన్నో ఫోను చేతిలోకి తీసుకుంటారు. అందులో ఒక వస్తువు బొమ్మ చూసి, దాని కింద ఉన్న మీటను వేలితో తాకుతారు. రెండు మూడు రోజులు తిరక్కుండా ఆ వస్తువు అట్టపెట్టెలో కూచుని మీ గుమ్మం ముందుకు వస్తుంది. మీరు పెట్టె విప్పి వస్తువు తీసుకుంటారు, అట్ట అవతల పారేస్తారు. కథ కంచికీ, మనం ఇంటికీ!

కాని మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడుగుతాను. వేలు తగిలింది మీ ఇంట్లో ఉన్న అద్దానికి. కదిలింది ఎక్కడో వందల మైళ్ళ దూరాన ఉన్న వస్తువు. ఈ రెంటికీ మధ్య ఏముంది?

"ఇంటర్నెట్ ఉంది మాష్టారూ!" అంటారు మీరు. నిజమే. ఐతే ఇంటర్నెట్ కబురు మోస్తుంది గాని బస్తా మొయ్యదు. పాట పంపగలదు, బొమ్మ పంపగలదు, డబ్బు లెక్క కూడా పంపగలదు. ఒక్క పెన్సిలు పంపమనండి, చూద్దాం! పెన్సిలు రావాలంటే లారీ కావాలి, సంచీ కావాలి, మెట్లెక్కే కాళ్ళు కావాలి.

ఫ్యాక్టరీ నుంచి మీ గుమ్మం దాకా ఒక చేతి నుంచి మరో చేతికి సరుకు వచ్చే ఈ వరసను వ్యాపారస్తులు "సప్లై చెయిన్" అంటారు. సరఫరా గొలుసు అన్నమాట. ఈ నెల మనం ఆ గొలుసును ఒక్కొక్క లంకే తడిమి చూద్దాం.

దుకాణం ఉంది, సరుకు లేదు

1995లో అమెరికాలో, సియాటిల్ అనే పట్నంలో, జెఫ్ బెజోస్ అనే ఆయన ఇంటర్నెట్ మీద పుస్తకాల దుకాణం తెరిచాడు. దానికి అమెజాన్ అని పేరు పెట్టాడు. భూమండలం మీద ఇంత పెద్ద పుస్తకాల దుకాణం లేదని చాటుకున్నాడు. నిజానికి ఆయన దగ్గర ఉన్న పుస్తకాలు బహు తక్కువ. ఎవరైనా పుస్తకం అడిగితే, ఆ అడిగినదాన్ని హోల్‌సేలు వర్తకుడి దగ్గర కొని తెప్పించి, కట్టకట్టి, పోస్టులో పంపేవారు.

ఇందులో ఒక చిక్కు వచ్చింది. ఒకేసారి పది పుస్తకాలకు తక్కువ ఆర్డరు ఇవ్వరాదని హోల్‌సేలు వర్తకుల నియమం. వీళ్ళకు కావలసింది ఒక్క పుస్తకం! అప్పుడు వాళ్ళొక ఉపాయం పన్నారు. రాళ్ళమీదా, చెట్ల బెరడుమీదా పాచిలాగ అంటుకుని పెరిగే లైకెన్లను గురించిన పుస్తకం ఒకటి వర్తకుడి జాబితాలో ఉండేది గాని, గోడౌనులో ఉండేది కాదు. వీళ్ళు తమకు కావలసిన పుస్తకం ఒకటీ, లైకెన్ల పుస్తకాలు తొమ్మిదీ రాసి పంపేవారు. "లైకెన్ల పుస్తకం లేనందుకు క్షమించండి" అంటూ వర్తకుడు ఆ ఒక్కటీ పంపేవాడు! ఈ ముచ్చట బెజోసే తరవాత చాలాసార్లు చెప్పాడు.

ఆయనే చెప్పిన మరొక సంగతి వినండి. మొదటి రోజుల్లో వాళ్ళు సిమెంటు నేల మీద మోకరిల్లి పుస్తకాలు కట్టేవారు. మోకాళ్ళు నొప్పి పుట్టి బెజోస్, "మనం మోకాళ్ళకు మెత్తలు కొనుక్కోవాలి" అన్నాడట. పక్కనున్న ఉద్యోగి ఆయన కేసి వింతగా చూసి, "మనకు కావలసింది మెత్తలు కాదు, బల్లలు" అన్నాడు. మర్నాడు బల్లలు తెచ్చుకున్నారు. పని రెట్టింపయింది. ఫోనులో కనిపించే దుకాణాన్ని అందంగా అలంకరించడం ఒక ఎత్తు; దాని వెనక ఒక బల్ల వెయ్యడం మరొక ఎత్తు.

మహబూబ్‌నగర్ చేరిన పుస్తకం

ఇప్పుడు మన ఇంటి దగ్గరి కథకు వద్దాం. 2007 అక్టోబరులో బెంగుళూరులో సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ అనే ఇద్దరు యువకులు ఫ్లిప్‌కార్ట్ అనే పుస్తకాల దుకాణం ఇంటర్నెట్ మీద పెట్టారు. ఇంటిపేరు ఒకటే గాని వాళ్ళు అన్నదమ్ములు కారు. ఇద్దరూ అంతకుముందు అమెజాన్‌లో పనిచేసినవాళ్ళే.

వాళ్ళకు మొదటి ఆర్డరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? మన మహబూబ్‌నగర్ నుంచి! అక్కడి యువకుడొకడు జాన్ వుడ్ రాసిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి కావాలన్నాడు. జాన్ వుడ్ పెద్ద కంపెనీలో ఉద్యోగం వదులుకుని, నేపాల్ వంటి దేశాల్లో పుస్తకాలు లేని బడులకు గ్రంథాలయాలు పెట్టించిన మనిషి. ఆ కథే ఆ పుస్తకం.

ఆర్డరైతే క్షణంలో వచ్చింది. పుస్తకం ఏదీ? దుకాణం పెట్టినవాళ్ళే బెంగుళూరులో పుస్తకాల షాపులన్నీ తిరిగి వెతకవలసి వచ్చింది. చివరకు ఒకచోట దొరికింది. కొని మహబూబ్‌నగర్ పంపారు.

చూశారా, సియాటిల్‌లోనూ, బెంగుళూరులోనూ ఒకటే పాఠం. దుకాణం తెరవడానికి ఒక కంప్యూటరు చాలు. అడిగిన వస్తువు అందించడానికి గొలుసు కావాలి. ఆ గొలుసు లేని రోజున యజమానులే లంకెలై వీధులు తిరగాలి.

ముందే వచ్చి కూచున్న సరుకు

మరి ఇవాళ వస్తువు అంత తొందరగా ఎలా వస్తున్నది? ఇందులో రహస్యం ఒకటుంది. మీరు మీట నొక్కాక వస్తువు మొదటి చోటి నుంచి బయలుదేరదు. మీరు అడుగుతారని ఊహించి, దాన్ని ముందే మీ ఊరికి దగ్గరగా ఉన్న గోడౌనుకు తెచ్చి పెడతారు. జూన్‌లో బడులు తెరుస్తారు గనక మేనెలలోనే నోటు పుస్తకాలు వచ్చి కూచుంటాయి. ఎండలకు ముందే ఫ్యాన్లు, వానలకు ముందే గొడుగులు. కిందటి ఏళ్ళలో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు ఏం కొన్నారో కంప్యూటరు లెక్కకట్టి అంచనా చెబుతుంది.

అంచనా తప్పితే? తక్కువ తెప్పిస్తే సరుకు లేదనాలి. ఎక్కువ తెప్పిస్తే డబ్బు గోడౌనులో చిక్కుపడుతుంది. అమెరికాలో వెబ్‌వాన్ అనే కంపెనీ ఇంటింటికీ పచారీ సామాను, కూరలు చేరవేస్తానని చాలా పెద్ద పెద్ద గోడౌన్లు, గొప్ప యంత్రాలతో కట్టించింది. వాటికి సరిపడా ఆర్డర్లు రాలేదు. 2001లో దివాలా తీసింది. గొలుసు బక్కచిక్కితే తెగుతుంది; మరీ బరువెక్కితే మోసేవాణ్ణే ముంచుతుంది.

పైగా గోడౌనుకు వచ్చే సరుకు చాలా దూరం నుంచి రావచ్చు. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఇసకలో చిక్కుకున్నది. దాని పొడుగు 400 మీటర్లు. ఆరు రోజులపాటు కాలువ మూతపడి, మూడు వందలకు పైగా ఓడలు వెనక బారులు తీరాయి. ఆ ఓడ పేరైనా వినని ఊళ్ళల్లో ఎందరో తమ వస్తువు ఇంకా రాలేదేమిటా అనుకున్నారు. గొలుసు ఎంత పొడవో అది తెగినప్పుడే తెలుస్తుంది.

చిందరవందరలో ఒక లెక్క

మీ బడి గ్రంథాలయంలో కథల పుస్తకాలు ఒకచోట, లెక్కల పుస్తకాలు ఒకచోట ఉంటాయి గదా. అమెజాన్ వారి పెద్ద గోడౌన్లలోకి వెళితే మీకు మతిపోతుంది. ఒకే అరలో పళ్ళపొడి, పక్కన ఆటబొమ్మ, దాని పక్కన నిఘంటువు! ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేస్తారు.

ఇది అశ్రద్ధ కాదు, ఆలోచించి చేసిన పనే. మొదటిది, ఖాళీ ఏదీ వృధా పోదు. రెండవది, ఒకే రకం వస్తువులు పదిచోట్ల చెదిరి ఉంటాయి గనక, తీసేవాడికి వాటిల్లో ఏదో ఒకటి దగ్గర్లోనే దొరుకుతుంది. మూడవది, ఒకే పోలిక ఉన్న వస్తువులు పక్కపక్కన ఉండవు గనక ఒకటి తియ్యబోయి ఇంకొకటి తీసే పొరపాటు తగ్గుతుంది. ఏది ఏ అరలో ఉన్నదీ మనిషికి గుర్తుండనక్కరలేదు, కంప్యూటరుకు గుర్తుంటుంది.

వెబ్‌వాన్ కంపెనీలో పనిచేసిన ఒకాయన, అక్కడి ఓటమి నుంచి నేర్చుకుని, 2003లో కొత్త కంపెనీ పెట్టాడు. మనిషి అరల దగ్గరికి నడవడం మాని, అరలే మనిషి దగ్గరికి వచ్చేటట్టు తాబేళ్ళవంటి మరమనుషులను తయారు చేయించాడు. అవి అరల స్తంభం కిందికి దూరి, దాన్ని ఎత్తి మోసుకొస్తాయి. 2012లో అమెజాన్ ఆ కంపెనీనే కొనేసింది.

గీతల్లో పేరు, అంకెల్లో ఊరు

కంప్యూటరుకు కళ్ళు లేవు గదా, ఏది పళ్ళపొడో, ఏది బొమ్మో ఎలా తెలుస్తుంది? బిస్కెట్ల పొట్లం తిప్పి చూడండి. నల్లని నిలువు గీతలు, కింద పదమూడు అంకెలు ఉంటాయి. అదే బార్‌కోడు.

1949లో నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్ అనే అమెరికను, మయామీ సముద్రతీరాన ఇసకలో కూచుని ఇదే ఆలోచిస్తున్నాడు. చిన్నప్పుడు స్కౌట్లలో నేర్చుకున్న టెలిగ్రాఫు భాష, అంటే చుక్కా గీతల భాష, జ్ఞాపకం వచ్చింది. ఇసకలో చుక్కలూ గీతలూ పెట్టి, వేళ్ళతో వాటిని కిందికి లాగాడు. సన్నగీతలూ లావుగీతలూ ఏర్పడ్డాయి! ఆలోచన అప్పుడే పుట్టినా, దాన్ని చదవగల లేజరు దీపాలూ, చవక కంప్యూటర్లూ రావడానికి పాతికేళ్ళు పట్టింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్ళో, ఒక దుకాణంలో ఇలా గీతలు చదివి మొదటి వస్తువు అమ్మారు. అదేమిటో తెలుసా? చూయింగ్ గమ్ పొట్లం!

ఆ అంకెల్లో తమాషా లెక్క ఒకటున్నది. 8901234567890 అనే నంబరు అనుకోండి. ఎడమ నుంచి మొదటి పన్నెండు అంకెలు తీసుకోండి. 1, 3, 5, 7, 9, 11 స్థానాల్లో ఉన్నవి కూడండి: 8+0+2+4+6+8=28. మిగతా ఆరూ కూడండి: 9+1+3+5+7+9=34. దీన్ని మూడు పెట్టి గుణిస్తే 102. రెండూ కలిపితే 130. దీన్ని పది గుణిజం చెయ్యడానికి ఇంకెంత కావాలి? సున్న. పదమూడో అంకె అదే! ఎక్కడైనా ఒక్క అంకె తప్పు చదివితే ఈ లెక్క కుదరదు. కంప్యూటరు వెంటనే పట్టేస్తుంది. మీ ఇంట్లో పొట్లాలతో చేసి చూడండి.

మరొక మాట. 890తో మొదలైతే ఇండియాలో తయారైనదని కొందరంటారు. అలా కాదు. ఆ కంపెనీ ఆ నంబరును ఇండియాలో తీసుకున్నదని మాత్రమే అర్థం.

వస్తువుకు పేరు వచ్చింది. వెళ్ళవలసిన ఊరో? మన దేశంలో ఒకే పేరున్న ఊళ్ళు ఎన్నో. చిరునామా రాసే లిపులు కూడా ఎన్నో. ఆ చిక్కు తీర్చడానికి తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్‌కోడు పెట్టింది. శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే అధికారి దీనికి కర్త. ఆయన సంస్కృత కవి కూడాను. మహబూబ్‌నగర్ 509001 చూడండి. 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలున్న మండలం. 50 అంటే తెలంగాణ. 509 అంటే ఉత్తరాలు విడదీసే జిల్లా. 001 అక్కడి పెద్ద పోస్టాఫీసు. రాత్రివేళ ఊరి బయట షెడ్డులో పార్సెళ్ళు విడదీసేవాళ్ళకు చిరునామా అంతా చదివే పని లేదు. ఈ అంకెలే దారి చూపిస్తాయి. పోస్టుకోసం పుట్టిన ఈ నంబరు మీదనే ఇవాళ ఇంటర్నెట్ దుకాణాలన్నీ నడుస్తున్నాయి.

గొలుసులో కంటికి కనిపించని లంకె ఇంకొకటి ఉంది: నమ్మకం. అమ్మేవాణ్ణి కొనేవాడు చూడడు. మీ తాతగారిని అడగండి, ఆయన వి.పి.పి.లో పుస్తకాలు తెప్పించుకునే ఉంటారు. పోస్టుమాను చేతికి డబ్బిచ్చి కట్ట తీసుకునేవారు. 2010లో ఫ్లిప్‌కార్ట్ సరుకు చేతికి వచ్చాకే డబ్బిచ్చే పద్ధతి పెట్టినప్పుడు జనం ధైర్యంగా కొన్నారంటే, అది పాత మందే, కొత్త సీసా.

చివరి మైలు

ఇప్పుడు మీ గుమ్మం ముందుకు వచ్చాం. ఒక చిన్న లెక్క చేద్దాం. అంకెలు నేను లెక్క కోసం అనుకున్నవి.

ఒక లారీ వెయ్యి పార్సెళ్ళతో హైదరాబాదు నుంచి వంద కిలోమీటర్లు వచ్చిందనుకోండి. ఖర్చు 8,000 రూపాయలు. పార్సెలుకు ఎంత? 8 రూపాయలు. అక్కడి నుంచి ఒక డెలివరీ అబ్బాయి సంచీ తగిలించుకుని, మోటారు సైకిలు మీద రోజంతా తిరిగి 60 ఇళ్ళకు ఇచ్చాడు. కూలీ, పెట్రోలూ కలిపి 1,200 రూపాయలు. పార్సెలుకు 20 రూపాయలు. వంద కిలోమీటర్లకు 8 రూపాయలు, చివరి నాలుగు వీధులకు 20 రూపాయలు! లారీ అందరినీ ఒకేసారి మోస్తుంది. ఆ అబ్బాయి మాత్రం ఒక్కొక్క గుమ్మానికీ విడిగా దిగాలి, నంబరు వెతకాలి, మెట్లెక్కాలి, తలుపు కొట్టాలి. తలుపు తాళం వేసి ఉంటే రేపు మళ్ళీ రావాలి.

ఇక అసలు సంగతి. ఈ లెక్క ప్రకారం మీ ఇంటికి ఒక జత బూట్లు రావడానికి 28 రూపాయలు. మీరు "ఎలాగూ తిప్పి పంపవచ్చు గదా" అని మూడు జతలు తెప్పించి, ఒకటి ఉంచుకుని రెండు తిప్పి పంపారు. రావడానికి మూడు ఇరవై ఎనిమిదులు 84. పోవడానికి రెండు ఇరవై ఎనిమిదులు 56. మొత్తం 140 రూపాయలు! కావలసింది 28, అయినది దానికి అయిదు రెట్లు. "తిప్పి పంపడం ఉచితం" అని ఫోనులో రాసి ఉంటుంది. ఉచితమంటే మీరు ఇవ్వనక్కరలేదని అర్థం, ఎవరూ ఇవ్వనక్కరలేదని కాదు. ఆ డబ్బు కొంత వస్తువు ధరలో చేరుతుంది, కొంత అమ్మినవాడి లాభంలో తరుగుతుంది, కొంత మోసినవాడి ఒంటి మీద పడుతుంది. ఎందుచేతనంటే, చాలాచోట్ల ఈ అబ్బాయిలకు నెలజీతం ఉండదు. పార్సెలుకింత అని ఇస్తారు.

ఇలా పనికింత అని తీసుకుని పనిచేసేవాళ్ళు, అంటే పార్సెళ్ళు, భోజనాలు తెచ్చేవాళ్ళూ, కార్లు నడిపేవాళ్ళూ మొదలైనవారంతా కలిసి 2020-21లో మన దేశంలో 77 లక్షల మంది ఉంటారని నీతి ఆయోగ్ 2022లో అంచనా కట్టింది.

వస్తువు పాడైనదైనా, అడిగింది ఒకటీ వచ్చింది ఒకటీ అయినా తిప్పి పంపండి. అది మీ హక్కు, అందులో మొహమాటం అక్కరలేదు. అసలీ గొలుసు చెడ్డదనీ నేననడం లేదు. ఊళ్ళో ఏ షాపులోనూ దొరకని పుస్తకాన్ని మహబూబ్‌నగర్ కుర్రవాడి చేతిలో పెట్టింది ఈ గొలుసే. పోచంపల్లిలో నేసిన చీర గౌహతిలో ఉన్నావిడ కట్టుకోగలదంటే ఈ గొలుసు వల్లనే. ఐతే మీట తేలికగా ఉన్నదని గొలుసు కూడా తేలికే అనుకోకూడదు. మీట నొక్కేముందు "ఇది నాకు కావాలా?" అని ఒక్కసారి, "కొలత సరిగ్గా చూశానా?" అని ఇంకొకసారి అనుకుంటే, ఎవరో ఒకరికి ఒక మండుటెండ ప్రయాణం తప్పుతుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మనవి. చిరునామాలో ఇంటి నంబరూ, వీధి పేరూ, పక్కనున్న గుడో బడో గుర్తుగా రాయండి. వచ్చిన అబ్బాయి అడిగితే మంచినీళ్ళివ్వండి, అడక్కపోయినా ఇవ్వండి. "పది నిమిషాలు ఆలస్యమైందేం?" అని పిల్లల ఎదుట కసరకండి. వాళ్ళు మిమ్మల్ని చూసే మాటలు నేర్చుకుంటారు.

ఈ నెల పని: మీ ఇంటికి ఈసారి వచ్చిన అట్టపెట్టెను వెంటనే పారెయ్యకండి. దాని మీద అంటించిన చీటీ చదవండి. ఏ ఊరి నుంచి వచ్చింది? పిన్‌కోడు ఏమిటి? మొదటి రెండంకెలను బట్టి ఏ రాష్ట్రం? పటంలో ఆ ఊరు వెతికి, మీ ఊరి దాకా పెన్సిలుతో గీత గియ్యండి. ఆ గీత మీద ఎవరెవరు పనిచేసి ఉంటారో తోచినంతవరకు రాయండి: కట్టినవాడు, ఎక్కించినవాడు, లారీ డ్రైవరు, రాత్రి మేలుకుని విడదీసినవాడు, మెట్లెక్కినవాడు... పది పేర్లకు తక్కువైతే మళ్ళీ ఆలోచించండి. రాసిన కాగితం మీ మాష్టారికి చూపించండి. ఆ తరవాత అట్టపెట్టెను పుస్తకాలు పెట్టుకోవడానికి వాడుకోండి. అంత దూరం నుంచి వచ్చినదాన్ని అప్పుడే చెత్తలో పారెయ్యడం ఏం బాగుంటుంది?